ఆకాశంలో చిరునామా

"ఇప్పుడు ఎక్కడ ఉన్నాం?" అన్నది ప్రయాణమంత పాత ప్రశ్న. కాలినడకన సాగిన బాటసారి చెట్టునూ గుట్టనూ గుర్తుపెట్టుకున్నాడు. సముద్రం మీద వెళ్లిన నావికుడు ధ్రువనక్షత్రాన్ని నమ్ముకున్నాడు. మాచర్ల నుండి గుంటూరుకు రైలులో వెళ్లే ప్రయాణికునికి ఆ శ్రమ కూడా లేదు. రెంటచింతల, గురజాల, నడికుడి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి అంటూ ఒక్కొక్క స్టేషను పసుపుపచ్చని పలక మీద నల్లని అక్షరాలతో తన పేరు తానే చెప్పుకుంటుంది. ఆ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నదో కూడా ఆ పలక మీదనే రాసి ఉంటుంది.

విమాన ప్రయాణికునికి ఇటువంటి పలకలు లేవు. గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగంతో, భూమికి పది కిలోమీటర్ల ఎత్తున ప్రయాణిస్తూ కూడా అతడు తాను దాటుతున్న నదినిగాని, పట్టణాన్నిగాని పోల్చుకోలేడు. ఒక చోట ఎక్కి మరొక చోట దిగుతాడు. మధ్యనున్న దేశమంతా అతనికి మేఘాల కింద దాగిన అజ్ఞాత ప్రదేశమే. ఈ లోటును తీర్చగల చిన్న సాధనం ఒకటి ఉన్నది. అదే జి.పి.ఎస్. గ్రాహకం. ఒకప్పుడు పర్వతారోహకులు, సర్వే ఉద్యోగులు మాత్రమే చేతపట్టిన ఈ పరికరం నేడు దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ఇమిడి ఉన్నది. విమానంలో దీనిని ఎలా ఉపయోగించాలి, అది చూపే అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి, ఎక్కడ హద్దు పాటించాలి అన్న విషయాలను తెలుసుకోవడం నేటి విద్యార్థులకు ఎంతో అవసరం.

దారి తప్పిన విమానం

జి.పి.ఎస్. అంటే గ్లోబల్ పొజిషనింగ్ సిస్టమ్. ఉపగ్రహాల సాయంతో భూగోళం మీద ఏ స్థానాన్నయినా నిర్ణయించే వ్యవస్థ ఇది. అమెరికా రక్షణశాఖ తన సైనిక అవసరాల కోసం దీనిని రూపొందించింది. మొదటి ఉపగ్రహాన్ని 1978లో ప్రయోగించారు. సైన్యం కోసం పుట్టిన ఈ విద్య సామాన్య పౌరునికి అందడం వెనుక ఒక విషాద సంఘటన ఉన్నది. ఆ సంఘటనకు కూడా విమాన ప్రయాణమే వేదిక.

1983 సెప్టెంబరు 1వ తేదీన కొరియన్ ఎయిర్ సంస్థకు చెందిన 007 నంబరు విమానం అలాస్కాలోని యాంకరేజ్ నుండి దక్షిణ కొరియా రాజధాని సియోల్‌కు ప్రయాణిస్తున్నది. అది నిర్ణీత మార్గం నుండి క్రమక్రమంగా పక్కకు జరిగింది. ఆటోపైలట్ నిర్ణీత మార్గాన్ని కాక, కేవలం ఒక దిశను పట్టుకుని సాగుతున్న సంగతిని సిబ్బంది గమనించలేకపోయారని తరువాతి దర్యాప్తులో తేలింది. విమానం వందల కిలోమీటర్లు దారి తప్పి అప్పటి సోవియట్ యూనియన్ గగనతలంలో ప్రవేశించింది. సోవియట్ యుద్ధవిమానం దానిని కూల్చివేసింది. అందులో ఉన్న 269 మందీ మరణించారు. వారిలో ఏ ఒక్కరికీ తాము దారి తప్పామన్న అనుమానమైనా కలిగి ఉండదు.

ఈ ఘోరం జరిగిన నెలలోనే, జి.పి.ఎస్. పూర్తి అయిన తరువాత దానిని ప్రపంచ పౌరులందరికీ ఉచితంగా అందుబాటులోకి తెస్తామని అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. 1995 నాటికి వ్యవస్థ సంపూర్ణమైంది. అయితే పౌరులకు అందే సంకేతంలో సైన్యం బుద్ధిపూర్వకంగా కొంత దోషాన్ని కలిపేది. దానివల్ల దాదాపు 100 మీటర్ల వరకు తేడా వచ్చేది. 2000 మే నెల ఆరంభంలో ఆ దోషాన్ని తొలగించారు. ఆనాటి నుండి సామాన్యుని చేతిలోని పరికరం కూడా తానున్న చోటును పది, ఇరవై మీటర్ల తేడాలో చెప్పగలుగుతున్నది.

దూరాల లెక్క

జి.పి.ఎస్. పనిచేసే తీరు పైకి కనిపించేటంత జటిలమైనది కాదు. దాని మూలసూత్రాన్ని పల్నాడు పటం మీదనే గ్రహించవచ్చు. ఒక ఊరు గుంటూరుకు ఆకాశమార్గాన 110 కిలోమీటర్లు, శ్రీశైలానికి 75 కిలోమీటర్ల దూరంలో ఉన్నదని అనుకుందాం. గుంటూరు కేంద్రంగా 110 కిలోమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం, శ్రీశైలం కేంద్రంగా 75 కిలోమీటర్ల వ్యాసార్ధంతో మరొక వృత్తం గీస్తే అవి రెండు చోట్ల ఖండించుకుంటాయి. ఒకటి మాచర్ల వద్ద, రెండవది దక్షిణాన దొనకొండ పరిసరాలలో. ఆ ఊరు ఈ రెండింటిలో ఏది? నల్గొండకు 65 కిలోమీటర్ల దూరమన్న మూడవ కొలత కూడా తెలిస్తే సందేహం తీరిపోతుంది. ఆ ఊరు మాచర్లే.

జి.పి.ఎస్.లో ఊళ్ల స్థానాన్ని ఉపగ్రహాలు ఆక్రమిస్తాయి. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున కనీసం 24 ఉపగ్రహాలు తిరుగుతూ ఉండేలా వ్యవస్థను నిర్మించారు. ఒక్కొక్కటి దాదాపు 12 గంటలకు ఒకసారి భూమిని చుట్టివస్తుంది. ప్రతి ఉపగ్రహంలోనూ అతి కచ్చితమైన పరమాణు గడియారం ఉంటుంది. "నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఈ క్షణంలో ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అన్న సమాచారాన్ని అది రేడియో సంకేతంగా నిరంతరం పంపుతూ ఉంటుంది. ఆ సంకేతం కాంతివేగంతో, అంటే సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుండి భూమిని చేరడానికి దానికి సెకనులో పదిహేనవ వంతు చాలు. సంకేతం బయలుదేరిన సమయానికీ అందిన సమయానికీ ఉన్న తేడాను బట్టి గ్రాహకం ఉపగ్రహ దూరాన్ని లెక్కగడుతుంది.

ఇక్కడ కాలాన్ని కొలవడంలో ఏమాత్రం పొరపాటు జరిగినా లెక్క తారుమారవుతుంది. సెకనులో పదిలక్షలవ వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. చేతిలోని ఫోనులో పరమాణు గడియారం ఉండదు. ఆ లోపాన్ని సరిదిద్దుకోవడానికే మూడు ఉపగ్రహాలకు తోడు నాలుగవ ఉపగ్రహం అవసరమవుతుంది. కాబట్టి స్థానాన్నీ ఎత్తునూ కచ్చితంగా తెలుసుకోవాలంటే గ్రాహకానికి ఒకేసారి కనీసం నాలుగు ఉపగ్రహాలు కనిపించాలి.

ఇందులో గుర్తుంచుకోవలసిన ముఖ్యాంశం ఒకటి ఉన్నది. జి.పి.ఎస్. గ్రాహకం ఉపగ్రహాలకు ఏమీ చెప్పదు. అవి చెప్పేది వింటుంది, అంతే. రేడియో పెట్టె ఆకాశవాణి కార్యక్రమాన్ని అందుకున్నట్లే ఇది ఉపగ్రహ సంకేతాన్ని అందుకుంటుంది. అందువల్ల సెల్‌ఫోన్ టవర్ గాని, ఇంటర్నెట్ గాని లేకున్నా అది పనిచేస్తుంది. నల్లమల అడవిలోనూ, నడిసముద్రంలోనూ, ఆకాశంలోనూ పనిచేయడానికి కారణం ఇదే.

కిటికీ పక్క చోటు

అయితే విమానంలో కూర్చున్న ప్రయాణికుడు ఒక ఇబ్బందిని ఎదుర్కొంటాడు. ఉపగ్రహ సంకేతం భూమిని చేరేసరికి ఎంతో బలహీనమవుతుంది. పలుచని కాగితాన్నో, గాజు పలకనో దాటగలదు గాని లోహాన్ని దాటలేదు. అనేక విమానాల దేహం అల్యూమినియంతో చేసిన పెద్ద గొట్టం వంటిది. నడుమ వరుసలో కూర్చున్నవారి పరికరానికి సంకేతం దాదాపు అందదు. కిటికీ ఒక్కటే దానికి ద్వారం. అందువల్ల జి.పి.ఎస్. ఉపయోగించదలచినవారు కిటికీ పక్క సీటును కోరుకోవాలి. రెక్క మీది వరుస అయితే నేల కనిపించదు కనుక, రెక్కకు ముందో వెనుకో ఉన్న వరుస మేలు. పరికరాన్ని గాజుకు దగ్గరగా, తెర పైకి కనిపించేలా ఉంచాలి.

కిటికీ వద్ద కూడా ఆకాశంలో సగభాగమే కనిపిస్తుంది. ఉపగ్రహాలన్నీ ఒకే వైపున ఉంటే లెక్కలో కచ్చితత్వం తగ్గుతుంది. నేల మీద పది మీటర్ల తేడాతో చెప్పే పరికరం విమానంలో అంతకు అనేక రెట్లు తేడా చూపవచ్చు. సెకనుకు 230 మీటర్లకు పైగా దూసుకుపోయే ప్రయాణికునికి ఆ తేడా పెద్ద లోపం కాదు. కింద ఉన్నది ఏ నది, ఏ పట్టణం అన్నది తెలిస్తే చాలు.

ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు మూడు ఉన్నాయి. మొదటిది, ప్రయాణించే ప్రాంతపు పటాన్ని ఫోనులోకి ముందే దించుకోవడం. ఆకాశంలో నెట్‌వర్క్ ఉండదు కాబట్టి పటం లేకపోతే తెర మీద ఖాళీ చోటులో ఒక చుక్క మాత్రమే కనిపిస్తుంది. రెండవది, విమానం ఎక్కడానికి ముందే ఆరుబయట నిలబడి పరికరాన్ని ఒకసారి పనిచేయించడం. ఫోను సాధారణంగా టవర్ల సాయంతో ఉపగ్రహాల ఆచూకీని త్వరగా కనుగొంటుంది. ఆ సాయం లేనప్పుడు ఆ వివరాలను ఉపగ్రహాల నుండే నింపాదిగా సేకరించుకోవలసి వస్తుంది. వేగంగా కదులుతూ, సగం ఆకాశమే కనిపించే చోట అది చాలా నిమిషాలు పట్టవచ్చు. ఒక్కొక్కసారి అసలే కుదరకపోవచ్చు. మూడవది, బ్యాటరీని నింపుకోవడం. విడి బ్యాటరీలను, పవర్ బ్యాంకును లగేజీలో వేయకుండా చేతిసంచిలోనే ఉంచుకోవాలన్నది విమానయాన నిబంధన.

అంకెలు చెప్పే సంగతులు

పరికరం తెర మీద ముఖ్యంగా నాలుగు వివరాలు కనిపిస్తాయి. అవి అక్షాంశ రేఖాంశాలు, వేగం, దిశ, ఎత్తు. వీటిలో ప్రతిదీ ఒక భూగోళ పాఠమే.

అక్షాంశం భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన లేక దక్షిణాన ఉన్నామో చెబుతుంది. రేఖాంశం గ్రీనిచ్‌కు ఎంత తూర్పున లేక పడమట ఉన్నామో చెబుతుంది. మాచర్ల సుమారు 16.48 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.43 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లకు సమానం. రేఖాంశాలు ధ్రువాల వైపు దగ్గరవుతూ పోతాయి కనుక పల్నాడులో ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 107 కిలోమీటర్లే. ఈ రెండు సంఖ్యలు గుర్తుంటే పటం లేకుండానే దూరాలను అంచనా వేయవచ్చు.

వేగం విషయంలో ఒక విశేషం ఉన్నది. జి.పి.ఎస్. చూపేది నేలతో పోల్చిన వేగం. విమానం గాలిలో ఎంత వేగంతో పోతున్నదో అది చెప్పదు. ఎదురుగాలి వీస్తే ఈ అంకె తగ్గుతుంది, వెనుకగాలి వీస్తే పెరుగుతుంది. శీతాకాలంలో ఉత్తర భారతదేశం మీదుగా ఎగువ వాతావరణంలో బలమైన పడమటి గాలులు వీస్తాయి. ఆ కాలంలో ఢిల్లీ నుండి కోల్‌కతాకు వెళ్లే విమానం తిరుగు ప్రయాణంలో కంటె ఎక్కువ వేగం చూపడానికి ఈ గాలులే కారణం.

ఎత్తు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. జి.పి.ఎస్. చూపే ఎత్తు ఉపగ్రహాల దూరాల నుండి లెక్కగట్టినది. పైలట్ ముందున్న ఆల్టీమీటర్ గాలి పీడనాన్ని కొలిచి ఎత్తును చూపుతుంది. ఈ రెండూ ఒకటిగా ఉండవు. గాలి వేడెక్కితే వ్యాకోచించి పైకి లేస్తుంది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల వంటి ప్రాంతాల మీద వేసవిలో ఇది మరింత స్పష్టం. పీడనం ప్రకారం 35,000 అడుగుల వద్ద ఉన్న విమానం నిజానికి అంతకు వెయ్యి అడుగులకు పైగా ఎత్తున ఉండవచ్చు. ప్రయాణికుని తెర మీద అంకె వేరుగా ఉన్నంత మాత్రాన పైలట్ పొరపాటు చేస్తున్నాడని భావించరాదు. ఒక ప్రాంతంలోని విమానాలన్నీ ఒకే పీడన ప్రమాణాన్ని అనుసరిస్తాయి. వాటి మధ్య ఎడం చెడకుండా ఉండడానికి కారణం ఈ క్రమశిక్షణే.

కొన్ని చేతి గడియారాలు, ఫోనులు పీడనాన్ని బట్టి కూడా ఎత్తును కొలుస్తాయి. అవి విమానంలో సుమారు 2,000 మీటర్లనే చూపుతాయి. పది కిలోమీటర్ల ఎత్తున మనుషులు శ్వాసించగలిగేందుకు విమానం లోపల గాలి పీడనాన్ని కృత్రిమంగా పెంచుతారు. ఆ పరికరం కొలిచేది లోపలి గాలిని. అది తప్పు చెప్పడం లేదు, వేరే ప్రశ్నకు జవాబు చెబుతున్నది.

పల్నాడు మీదుగా

ఈ వివరాలన్నిటినీ ఒక ఉదాహరణతో సమన్వయించుకోవచ్చు. ఢిల్లీ విమానాశ్రయం నుండి చెన్నై విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారిని గీస్తే అది మాచర్లకు సుమారు పది కిలోమీటర్ల తూర్పుగా పల్నాడును దాటుతుంది. హైదరాబాదు నుండి సింగపూర్‌కు గీసిన దారి దాచేపల్లి, పిడుగురాళ్ల పరిసరాల మీదుగా సాగుతుంది. విమానాలు వాతావరణాన్ని, నియంత్రణ కేంద్రాల ఆదేశాలను బట్టి కొంత పక్కకు జరుగుతాయి గనుక ప్రతి విమానమూ ఈ గీత మీదనే పోతుందని చెప్పలేము. అయినా మాచర్ల ఆకాశంలో రోజూ కనిపించే తెల్లని పొగచారలలో కొన్ని దూర నగరాల మధ్య సాగేవే.

ఢిల్లీ నుండి చెన్నై వెళుతున్న ప్రయాణికుడు కుడివైపు కిటికీ వద్ద కూర్చున్నాడని భావిద్దాం. దక్షిణ దిశగా పోయే విమానంలో కుడివైపు అంటే పడమర. అతని తెర మీద అక్షాంశం 17.48 డిగ్రీలని కనిపించిందంటే మాచర్ల అక్షాంశానికి ఇంకా ఒక డిగ్రీ, అంటే 111 కిలోమీటర్ల దూరం ఉన్నదన్నమాట. వేగం గంటకు 840 కిలోమీటర్లయితే నిమిషానికి 14 కిలోమీటర్లు. కనుక ఎనిమిది నిమిషాలలో పల్నాడు వస్తుంది. ఆ సమయానికి కెమెరా, పటం సిద్ధం చేసుకోవచ్చు.

ఆకాశం నిర్మలంగా ఉంటే అతనికి ముందుగా కృష్ణానది కనిపిస్తుంది. పడమటి వైపున, సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో, కొండల నడుమ విశాలమైన నీటితెర పరచుకొని ఉంటుంది. అది నాగార్జునసాగర్ జలాశయం. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ నీటిని కాలువలకు విడుదల చేసిన మహానిర్మాణం అది. నేల మీద నిలబడి తలెత్తి చూడవలసిన 124 మీటర్ల ఆనకట్ట పైనుండి ఒక సన్నని గీతగా కనిపిస్తుంది. నీటి నడుమ ఉన్న దీవి నాగార్జునకొండ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి జలాశయంలో మునిగిపోగా, అక్కడ తవ్వకాలలో బయటపడిన శిల్పాలను ఆ కొండ మీది ప్రదర్శనశాలలో భద్రపరిచారు. ఆనకట్ట నుండి బయలుదేరిన కుడికాలువ పొలాల నడుమ మలుపులు తిరుగుతూ ఆగ్నేయంగా సాగుతుంది. జలాశయానికి దక్షిణాన, పడమట నల్లమల కొండలు నల్లని అలలవలె పరచుకొని ఉంటాయి. ఎడమవైపు కూర్చున్నవారికి పిడుగురాళ్ల ప్రాంతపు సున్నపురాతి గనులు తెల్లని మచ్చలుగా కనిపించవచ్చు.

రెండు మూడు నిమిషాలలో ఇదంతా వెనుకకు పోతుంది. మరొక నలభై నిమిషాలకు విమానం చెన్నైలో దిగుతుంది. పటంలో బొమ్మగా చదివిన ప్రాంతాన్ని ఒక్క చూపులో నిజంగా చూసిన అనుభవం మాత్రం మిగిలిపోతుంది. చేతిలోని పరికరం లేకపోతే ఆ నీటితెర పేరులేని ఒక చెరువుగానే కనిపించేది.

పాటించవలసిన హద్దులు

విమానంలో వ్యక్తిగత పరికరాల వాడకాన్ని చాలాకాలం కఠినంగా నియంత్రించారు. ప్రతి ఎలక్ట్రానిక్ పరికరమూ ఏమాత్రమో రేడియో తరంగాలను వెలువరిస్తుంది. అవి విమానపు సున్నితమైన సాధనాలకు ఆటంకం కలిగించవచ్చునన్న భయమే అందుకు కారణం. కేవలం వినే పరికరమైనా జి.పి.ఎస్.ను కొన్ని సంస్థలు అనుమతించాయి, కొన్ని నిషేధించాయి. పరీక్షలు, అనుభవం పెరిగిన తరువాత 2013 అక్టోబరు చివర అమెరికా, 2014 ఏప్రిల్‌లో భారత పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనలను సడలించాయి. ఫ్లైట్ మోడ్‌లో ఉంచిన పరికరాలను ప్రయాణం పొడవునా వాడుకోవడానికి విమానయాన సంస్థలు అనుమతించే వీలు కలిగింది. ఫ్లైట్ మోడ్‌లో టవర్లతో సంబంధం తెగిపోతుంది. వినే స్వభావం గల జి.పి.ఎస్. మాత్రం నేటి ఫోనులలో చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది.

నిబంధన ఎలా ఉన్నా తుది మాట విమాన సిబ్బందిదే. మంచు కమ్మినప్పుడు దిగడం వంటి సందర్భాలలో పరికరాలను పూర్తిగా ఆపివేయమని వారు కోరవచ్చు. అటువంటప్పుడు వాదనకు దిగరాదు. ప్రత్యేకమైన జి.పి.ఎస్. పరికరాన్ని వెంట తీసుకువెళ్లేవారు దాని విషయమై విమానయాన సంస్థను ముందుగానే విచారించడం మంచిది.

ఇంకొక ముఖ్యమైన భేదాన్ని తప్పక గ్రహించాలి. చూడడానికి జి.పి.ఎస్. పరికరంలాగే ఉండి, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే సాధనాలు కూడా మార్కెట్లో ఉన్నాయి. ఉపగ్రహ ఫోనులు కూడా ఈ కోవకు చెందినవే. అవి వినడమే కాక మాట్లాడతాయి. ప్రభుత్వ అనుమతి లేకుండా వీటిని భారతదేశంలో కలిగి ఉండడం నేరం. విదేశాలలో నివసించే బంధువులు కానుకగా తెచ్చిన పరికరం ఏ రకానికి చెందినదో తెలుసుకోకుండా విమానాశ్రయానికి తీసుకుపోతే చిక్కులు తప్పవు. అలాగే రక్షణ దళాల అధీనంలోని విమానాశ్రయాలలో ఛాయాచిత్రాలు తీయరాదు.

ప్రయాణికుని పరికరానికీ పైలట్ వ్యవస్థకూ పోలిక లేదు. విమానం పైకప్పు మీద అమర్చిన యాంటెన్నాకు ఆకాశం మొత్తం కనిపిస్తుంది. అంతేకాక పైలట్ ఒక్క జి.పి.ఎస్. మీదనే ఆధారపడడు. విమానపు కదలికలను స్వయంగా కొలిచే సాధనాలు, నేల మీది రేడియో కేంద్రాలు, రాడార్ కేంద్రాల సూచనలు అతనికి తోడుగా ఉంటాయి. ఉపగ్రహ సంకేతం ఎంతో బలహీనమైనది కాబట్టి దానిని అణచివేయడం, దాని స్థానంలో తప్పుడు సంకేతాన్ని పంపి మోసగించడం సాధ్యమే. ఇటీవలి యుద్ధాల కాలంలో ఇటువంటి సంఘటనలు పెరిగాయి. ఈ ప్రమాదాన్ని గుర్తించి భారత పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2023 నవంబరులో విమానయాన సంస్థలకు ప్రత్యేక సూచనలు జారీచేసింది. ఒకే సాధనాన్ని గుడ్డిగా నమ్మరాదని, ఒక ఆధారాన్ని మరొక ఆధారంతో సరిచూసుకోవాలని 1983 నాటి దుర్ఘటన నేర్పిన పాఠం నేటికీ పాతబడలేదు.

స్వదేశీ ప్రయత్నాలు

అన్యదేశపు ఉపగ్రహాల మీదనే పూర్తిగా ఆధారపడడం శ్రేయస్కరం కాదని భారతదేశం గుర్తించింది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి "గగన్" అనే వ్యవస్థను నిర్మించాయి. దేశంలోని వేర్వేరు చోట్ల నెలకొల్పిన కేంద్రాలు జి.పి.ఎస్. సంకేతాలలోని దోషాలను నిరంతరం గుర్తిస్తాయి. ఆ సవరణలను మన ఉపగ్రహాల ద్వారా విమానాలకు అందిస్తారు. 2015 జూలైలో అప్పటి పౌర విమానయాన మంత్రి, విజయనగరానికి చెందిన పూసపాటి అశోక్ గజపతిరాజు దీనిని లాంఛనంగా ప్రారంభించారు. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ విమానాశ్రయంలో ఒక ప్రయాణికుల విమానం గగన్ సాయంతో దిగింది. రన్‌వే పక్కన ఖరీదైన సాధనాలను నెలకొల్పలేని చిన్న విమానాశ్రయాలకు ఈ విధానం వరమని చెప్పవచ్చు.

జి.పి.ఎస్.కు సవరణలు అందించడంతో తృప్తిపడక, స్వతంత్రమైన స్థాననిర్దేశ వ్యవస్థను కూడా మనదేశం చేపట్టింది. దాని పేరు "నావిక్". ఇందులోని మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న, ఏడవదానిని 2016 ఏప్రిల్ 28న శ్రీహరికోట నుండి ప్రయోగించారు. కొన్ని ఉపగ్రహాలలోని విదేశీ పరమాణు గడియారాలు మొరాయించడంతో ఆటంకాలు ఎదురయ్యాయి. 2023 మే 29న ప్రయోగించిన కొత్త తరం ఉపగ్రహంలో మన శాస్త్రజ్ఞులు తయారుచేసిన పరమాణు గడియారాన్ని అమర్చారు. నేడు విక్రయమయ్యే కొన్ని ఫోనులు జి.పి.ఎస్.తో పాటు రష్యా, ఐరోపా, చైనా వ్యవస్థల సంకేతాలనూ, నావిక్ సంకేతాలనూ కూడా అందుకోగలవు. వినిపించే గొంతులు పెరిగేకొద్దీ విమానపు కిటికీ వద్ద కూడా స్థాననిర్ణయం సులభమవుతున్నది.

ఎర్రబస్సులో అభ్యాసం

ఈ విద్యను నేర్చుకోవడానికి విమానం ఎక్కేదాకా ఆగనక్కరలేదు. మాచర్ల నుండి గుంటూరు వెళ్లే ఎర్రబస్సు కిటికీ వద్దనే అభ్యాసం ప్రారంభించవచ్చు. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ముందుగా దించుకున్న పటం మీద తాను ఎక్కడ ఉన్నదీ గమనించవచ్చు. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు చెప్పే దూరాన్ని అక్షాంశ రేఖాంశాలతో లెక్కగట్టిన దూరంతో పోల్చవచ్చు. రోడ్డు మలుపులు తిరుగుతుంది కనుక రాయి చెప్పే దూరం ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. రైల్వే స్టేషను పలక మీది ఎత్తును తెర మీది ఎత్తుతో సరిచూడవచ్చు. తేడా ఎంత వచ్చింది, ఎందుకు వచ్చింది అని ఆలోచించినప్పుడే పరికరం ఆటవస్తువు స్థాయిని దాటి జ్ఞానసాధనమవుతుంది.

పల్నాడు నుండి ఉన్నత విద్య కోసం, ఉద్యోగాల కోసం దూరదేశాలకు వెళ్లే యువత సంఖ్య తక్కువేమీ కాదు. వారు దాటే సముద్రాలను, ఎడారులను, పర్వతాలను పేరుతో గుర్తించగలిగితే ప్రయాణమే ఒక పాఠశాల అవుతుంది. ప్రపంచమంతటికీ ఒకే సమయంలో చిరునామా చెప్పగల ఉపగ్రహాలు ఎవరినీ రుసుము అడగవు. వినగల పరికరం, చదవగల చూపు, నియమాన్ని గౌరవించే సంస్కారం మాత్రమే అవి ప్రయాణికుని నుండి కోరుకుంటాయి.